తక్కువ ధర వీటెడ్ బర్బన్: రుచి చూడటం, పెట్టిన డబ్బుకు తగినదో కాదో తేల్చుకోవడం ఎలా?

"ముప్పై డాలర్లలో మంచి వీటెడ్ బర్బన్ ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. బర్బన్ అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే అమెరికన్ విస్కీ. అందులో రై అనే ధాన్యానికి బదులు గోధుమ వేస్తే వీటెడ్. పేరు చెప్పడం నిమిషం పని. కానీ నాకు నచ్చింది మీకు నచ్చాలని లేదు. పైగా డాలస్‌లో ఒక ధర ఉంటే న్యూజెర్సీలో ఇంకో ధర. అందుకే పేరుకు బదులు పద్ధతి రాస్తున్నాను.

ఒక్క సీసా తెరిచి, ఒక్క గ్లాసు తాగి విలువ తేల్చడం కుదరదు. ఒక్కదాన్నే తాగితే దాదాపు ప్రతి బర్బనూ బాగానే అనిపిస్తుంది. పక్కన ఇంకొకటి పెట్టి, పేర్లు దాచి, రెండింటిలో ఆల్కహాల్ శాతం సమం చేసి తాగితే అసలు సంగతి తెలుస్తుంది. కింద రాసినదంతా ఆ పోలిక సరిగ్గా చేయడానికే.

ఉదాహరణకు లార్సెనీ స్మాల్ బ్యాచ్‌ను తీసుకుంటాను, దానికి పోటీగా మేకర్స్ మార్క్. రెండూ కెంటకీ రాష్ట్రపు వీటెడ్ బర్బన్లే, రెండూ అమెరికాలో చాలా చోట్ల 25–35 డాలర్ల మధ్య దొరుకుతాయి. మీ దగ్గర వేరేవి ఉన్నా పద్ధతి ఇదే.

(21 ఏళ్లు నిండినవాళ్లకే ఇది. అమెరికాలోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ చట్టం చెప్పే వయసు అదే. రోజూ మందులు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగండి.)

## 1. సీసా కొనేముందు లేబుల్ చదవండి

బర్బన్ అనాలంటే ధాన్యంలో కనీసం 51% మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిల్వ చేయాలి. మిగతా ధాన్యంలో మామూలుగా రై, మొలకెత్తించిన బార్లీ ఉంటాయి. ఆ రై స్థానంలో గోధుమ వేస్తే వీటెడ్ బర్బన్. మేకర్స్ మార్క్‌లో 70% మొక్కజొన్న, 16% గోధుమ, 14% బార్లీ. లార్సెనీలో 68, 20, 12.

చాలామంది ఇక్కడే పొరబడతారు. గోధుమ వేస్తే తియ్యగా ఉంటుందనుకుని కొంటారు, తాగాక నిరాశపడతారు. గోధుమ తీపిని పెద్దగా తేదు. రై తెచ్చే మిరియాల ఘాటు, లవంగం లాంటి కారం తప్పుకుంటాయి, అంతే. ఆ అడ్డు తొలగాక మొక్కజొన్న తీపి, పీపా నుంచి వచ్చే వెనిల్లా, పాకం వాసనలు పైకి కనిపిస్తాయి. దీనికో చిక్కు కూడా ఉంది: చెక్క సరిగ్గా లేకపోయినా, సరుకు మరీ లేతదైనా కప్పిపుచ్చడానికి కారం ఉండదు.

లేబుల్ మీద చూడాల్సినవి:

- "స్ట్రెయిట్" అన్న మాట ఉందా? ఉంటే కనీసం 2 ఏళ్లు పీపాలో ఉన్నట్టు. వయసు అసలు వేయకపోతే కనీసం 4 ఏళ్లు, ఎందుకంటే అంతకన్నా తక్కువైతే వయసు చెప్పి తీరాలి.
- ఆల్కహాల్ శాతం ఎంత? మేకర్స్ మార్క్ 45%, లార్సెనీ 46%, రెబెల్ 100 అనే ఇంకో వీటెడ్ బర్బన్ అయితే 50%. ప్రూఫ్ అని వేస్తే సగం చేసుకోండి.
- "బాటిల్డ్ ఇన్ బాండ్" అని ఉందా? ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం 4 ఏళ్లు, కచ్చితంగా 50%. తక్కువ ధరలో ఈ ముద్ర కనబడితే ఆగి చూడండి.
- "డిస్టిల్డ్ బై" అనా, వట్టి "బాటిల్డ్ బై" అనా? రెండోదైతే సరుకు ఇంకొకరిది కావచ్చు. తప్పేమీ కాదు, తెలిసి కొనాలి.
- వీట్ విస్కీని వీటెడ్ బర్బన్ అనుకోవడం లేదు కదా? బర్న్‌హైమ్ లాంటివి వీట్ విస్కీలు, వాటిలో సగానికి పైగా గోధుమే. వాటిని వీటెడ్ బర్బన్ పక్కన పెట్టి పోల్చకండి.

"స్మాల్ బ్యాచ్" అన్న మాటకు చట్టంలో అర్థం లేదు. దాని కోసం ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టకండి. నా ఉదాహరణ సీసా మీదే ఆ మాట ఉందనుకోండి, అయినా చెబుతున్నది అదే.

## 2. ధరను ఒకే కొలతలోకి తెచ్చుకోండి

షెల్ఫ్ మీద ఉన్న ధర పోలికకు పనికిరాదు. అమెరికాలో చాలా చోట్ల దానిమీద టాక్స్ పడుతుంది. సీసా సైజులు వేరు, ఆల్కహాల్ శాతాలు వేరు. ఎక్కువ శాతం ఉన్నదాన్ని నీళ్లు కలిపి తగ్గించుకోవచ్చు, అంటే ఆ సీసాలో సరుకు ఎక్కువ. అందుకని అన్నిటినీ 40%కి తెచ్చి లెక్కేయండి:

1. టాక్స్‌తో కలిపి ధర రాసుకోండి.
2. సీసా మి.లీ. × ఆల్కహాల్ శాతం ÷ 40. ఇది 40% లెక్కన మీకు వచ్చే పరిమాణం.
3. ధరను ఆ పరిమాణంతో భాగించి 100తో గుణించండి.

46% సీసా 28 డాలర్లు, టాక్స్ 8% అనుకుందాం. మొత్తం 30.24. 750 × 46 ÷ 40 = 862.5 మి.లీ. అంటే 100 మి.లీ.కి 3.51 డాలర్లు. పక్కనే 50% సీసా 30 డాలర్లకు ఉంది. టాక్స్‌తో 32.40, పరిమాణం 937.5 మి.లీ. అంటే 100 మి.లీ.కి 3.46 డాలర్లు. రెండు డాలర్లు ఎక్కువున్నదే నిజానికి కాస్త చవక. మీరు నీళ్లు కలపకుండా తాగేవాళ్లయితే ఈ లెక్కతో పని లేదు, మామూలుగా మి.లీ. ధరే చూడండి.

1.75 లీటర్ల పెద్ద సీసా 750 మి.లీ. సీసా ధరకు 2.33 రెట్ల కన్నా తక్కువకు వస్తేనే లాభం. అదీ ఇంతకుముందు తాగి నచ్చినదైతేనే. మొదటిసారి కొంటుంటే 50 మి.లీ. చిన్న సీసా దొరుకుతుందేమో అడగండి, లేదా బార్‌లో ఒక పెగ్ తాగి చూడండి.

వర్జీనియా, పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, ఒహాయో లాంటి చోట్ల ధర రాష్ట్రమే నిర్ణయిస్తుంది, షాపులన్నీ తిరిగే పని లేదు. టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో షాపు షాపుకీ తేడా ఉంటుంది, రెండు మూడు చోట్ల కనుక్కోవాలి.

వెల్లర్ స్పెషల్ రిజర్వ్ గురించి అందరూ అడుగుతారు. వీటెడ్ బర్బనే, తయారీదారు చెప్పే ధర చూస్తే చవకే. ఆ ధరకు మాత్రం చాలా చోట్ల దొరకదు. కొన్ని షాపులు రెట్టింపుకు అమ్ముతాయి. మీకు దొరికే ధరే లెక్కలో వేయండి. ఆ రెట్టింపు ధరకు అది "తక్కువ ధర" జాబితాలోంచి ఎప్పుడో బయటికి పోయింది.

## 3. సరంజామా, గది, నోరు

- ఒకే రకం గ్లాసులు మూడు. పైన మూతి కాస్త సన్నగా ఉండాలి. విస్కీ రుచి చూడటానికే చేసిన గ్లెన్‌కేర్న్ గ్లాసు ఉంటే సరే, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. స్టీల్ గ్లాసు, ప్లాస్టిక్ కప్పు వద్దు.
- మందుల షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి, సూది లేకుండా. నీళ్లు కొలవడానికి దీన్ని మించింది లేదు.
- మామూలు ఉష్ణోగ్రతలో ఉన్న తాగేనీళ్లు. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లు వద్దు.
- ఉప్పు లేని బిస్కెట్లు లేదా వట్టి బ్రెడ్.
- కాగితం, పెన్ను, అంటించడానికి చిన్న టేపు ముక్కలు.
- ఉమ్మడానికి ఒక కప్పు. సిగ్గేమీ లేదు, ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే.

గ్లాసులను వేడినీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టండి. అల్మరాలోంచి తీసిన గ్లాసును ఒకసారి వాసన చూడండి. చెక్క వాసన, సబ్బు వాసన రెండూ అందులో ఉంటాయి, ఆ తర్వాత మీరు రాసుకునే "ఓక్ వాసన" అల్మరాదే అవుతుంది.

మన ఇళ్లలో అసలు సమస్య వంటిల్లు. ఇంగువ తాలింపు వేసిన గంటలోపు రుచి చూడటానికి కూర్చోకండి. అగరుబత్తి, సెంటు, రూమ్ ఫ్రెషనర్ కూడా వద్దు. ఆవకాయతో భోంచేసి వచ్చిన నాలుకకు ఏ బర్బనైనా తియ్యటి నీళ్లే. తేలికగా తిని, రెండు గంటలు ఆగి, భోజనానికి ముందు కూర్చోవడం మేలు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఆ రోజు జలుబు ఉంటే ఇంకో రోజు చూసుకోండి.

## 4. రుచి చూసే వరస

గ్లాసుకు 15 మి.లీ. పోయండి, అంతకు మించొద్దు. మూడు గ్లాసులూ మింగేస్తే 45 మి.లీ. అవుతుంది, అమెరికా లెక్కలో ఒక డ్రింక్ కన్నా కాస్త ఎక్కువ. ఆ రోజుకు అదే చాలు. తర్వాత కారు తీయొద్దు.

రంగు. రంగు కలపడానికి బర్బన్‌లో అనుమతి లేదు, ఉన్నదంతా పీపాదే. చూసి వదిలేయండి. రంగును బట్టి మార్కులు వేయొద్దు.

ఆగండి. పోసిన వెంటనే ముక్కు పెట్టకండి. ఐదు నుంచి పది నిమిషాలు గ్లాసును అలాగే ఉంచండి.

వాసన. గ్లాసును గడ్డం దగ్గర పెట్టి మెల్లగా పైకి తీసుకురండి. నోరు కొంచెం తెరిచి ఉంచి పొట్టిగా రెండు మూడుసార్లు పీల్చండి. ముక్కు గ్లాసులో ముంచి గట్టిగా పీలిస్తే ఆల్కహాల్ కొట్టి ఆ తర్వాత ఐదు నిమిషాలు ఏ వాసనా తెలియదు. మొద్దుబారితే మీ మోచేతిని వాసన చూసుకుని మళ్లీ రండి.

దొరికిన వాసనకు మీకు తెలిసిన పేరే రాయండి. సీసా వెనక రాసిన "బటర్‌స్కాచ్" మీరు ఎప్పుడూ తినకపోతే అది రాయడంలో అర్థం లేదు. నేను వెతికే వరస ఇది:

- తీపి వైపు: బెల్లం పాకం, వెనిల్లా, తేనె
- ధాన్యం వైపు: బేకరీ బ్రెడ్, కాల్చిన మొక్కజొన్న పొత్తు
- చెక్క వైపు: కొబ్బరి, దాల్చినచెక్క, కొత్త ఫర్నిచర్
- పండు, గింజ: ఎండుద్రాక్ష, వేయించిన వేరుశనగ
- ఉండకూడనివి: నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, పచ్చి రంపపు పొట్టు, తడిసిన అట్టపెట్టె

లార్సెనీలో నాకు ముందు బ్రెడ్, తర్వాత పాకం దొరుకుతాయి. మేకర్స్ మార్క్‌లో వెనిల్లా, పండు వాసన ముందుంటాయి. మీకు ఇది తిరగబడితే మీరు రాసుకున్నదే మీకు లెక్క.

మొదటి గుక్క. అర టీస్పూను. నోరంతా తిప్పి మింగండి లేదా ఉమ్మండి. దీనికి మార్కులు లేవు, ఇది నాలుకను అలవాటు చేయడానికే. చాలామంది ఈ గుక్కతోనే "మంటగా ఉంది" అని తీర్పు ఇచ్చేస్తారు.

రెండో గుక్క. నిమిషం ఆగి ఇంకో అర టీస్పూను. ఎనిమిది, పది సెకన్లు నోట్లో ఉంచండి. మొదట ఏం తెలిసింది, మధ్యలో ఏం మారింది? పలచగా నీళ్లలా ఉందా, నాలుక మీద నూనెలా పరుచుకుందా? తక్కువ ధర వీటెడ్ బర్బన్లు ఎక్కువగా ఈ మధ్యలోనే తేలిపోతాయి. ముందు తీపి వస్తుంది, చివర చెక్క వస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు.

మింగాక. మనసులో లెక్కపెట్టండి. రుచి ఎన్ని సెకన్లు నిలిచింది? పోతూ పోతూ ఏం మిగిల్చింది? తీపి మిగిలితే మంచిది. కాస్త వగరు ఉండటం ఓక్ లక్షణమే. చేదు, నాలుక ఎండిపోయేంత వగరు మాత్రం మైనస్.

నీళ్లు. ఇప్పుడు సిరంజితో 1 మి.లీ. నీళ్లు కలిపి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ రుచి చూడండి. మంట తగ్గి రుచి బయటికొస్తే ఆ మంట ఆల్కహాల్‌ది. మంట పోయినా మిరియాల కారం మిగిలితే అది పీపాది, సరుకులో భాగం. నీళ్లు పడగానే అంతా చప్పబడిపోతే ఆ సీసాలో మొదట్నుంచీ పెద్దగా ఏమీ లేదు.

## 5. పేర్లు దాచి పోల్చండి

అసలు పరీక్ష ఇది. ఇంకో మనిషి సాయం కావాలి.

ముందు శాతాలు సమం చేయాలి. ఆల్కహాల్ ఎక్కువున్నది మొదటి గుక్కలో ఎప్పుడూ "గట్టిగా, రుచిగా" అనిపిస్తుంది, అందువల్ల పోలిక చెడుతుంది. లెక్క సులువే: మి.లీ.ని ఎక్కువ శాతంతో గుణించి, తక్కువ శాతంతో భాగించి, మొదటి మి.లీ. తీసేయండి. మిగిలిందే కలపాల్సిన నీళ్లు. 50% ఉన్నది 15 మి.లీ. తీసుకుంటే, 45%కి తేవడానికి దాదాపు 1.7 మి.లీ. లార్సెనీని మేకర్స్ మార్క్ స్థాయికి తేవడానికి 0.3 మి.లీ., అంటే ఆరేడు చుక్కలు.

తర్వాత:

1. మీరు గది బయటికి వెళ్లండి.
2. సాయం చేసేవాళ్లు మూడు గ్లాసుల్లో పోస్తారు: రెండింటిలో ఒకటే విస్కీ, మూడోదానిలో రెండోది. ఏది జంట, ఏది ఒంటరి అన్నది వాళ్ల ఇష్టం. పేరు రాసిన టేపు గ్లాసు అడుగున అంటించాలి.
3. వాళ్లు బయటికి వెళ్లాక మీరు రండి. ఎదురుగా ఉంటే ముఖం చూసి మనకు తెలిసిపోతుంది.
4. మూడింటినీ వాసన చూసి, రుచి చూసి, వేరుగా ఉన్నది ఏదో రాయండి. మధ్యమధ్య నీళ్లు, బ్రెడ్.
5. రాశాకే గ్లాసు తిప్పి చూడండి.

ఊరికే గురి తగలడానికి మూడింట ఒక వంతు అవకాశం ఉంది కాబట్టి ఒక్కసారి సరిపోదు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయండి. మూడుసార్లూ ఊహతోనే సరిగ్గా చెప్పే అవకాశం 27లో 1 మాత్రమే.

మూడుసార్లలో ఒక్కసారే పట్టుకున్నా, అసలు పట్టుకోలేకపోయినా చవకది కొనండి. ఇంక ఆలోచించాల్సిన పని లేదు. మీ నాలుకకు తెలియని తేడాకు డబ్బు కట్టడం దండగ. మూడుసార్లూ పట్టుకుంటే అప్పుడు "ఏది నచ్చింది?" అన్న ప్రశ్న. తేడా తెలియడం వేరు, ఇష్టపడటం వేరు. ఈ రెండు ప్రశ్నలనూ ఒకేసారి అడిగితే జవాబు ఎటూ కాకుండా పోతుంది.

## 6. మీరు నిజంగా తాగే తీరులో తాగి చూడండి

మనలో చాలామంది సోడాతో, ఐస్‌తో తాగుతారు. సీసా అలాగే ఖర్చవుతుందంటే తీర్పు కూడా అలాగే రావాలి.

సోడాతో అయితే 45 మి.లీ.కి 120 మి.లీ. సోడా. 46% ఉన్నది అక్కడ పన్నెండు, పదమూడు శాతానికి దిగుతుంది. అప్పటికీ పాకం వాసన తగిలితే మంచి సరుకే. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్ చేస్తే 60 మి.లీ.కి చక్కెర సిరప్ 5 మి.లీ. దాటకండి, రై లేనిచోట తీపి త్వరగా మొహం మొత్తుతుంది.

కోక్‌లో కలిపేవాళ్లకు నా సలహా సూటిగా: వీటెడ్ కొనొద్దు. గోధుమ ఇచ్చే మెత్తదనం కోక్ చక్కెరలో కనబడదు. రై ఉన్న మామూలు బర్బన్ ఇంకా తక్కువ ధరకు దొరుకుతుంది, కోక్‌లో అదే బాగుంటుంది.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

కొత్త సీసా మొదటి పెగ్‌తోనే తేల్చేయడం. మొదటి రోజు ఘాటుగా అనిపించినది వారం తర్వాత కుదురుకున్నట్టు ఉండొచ్చు. మారింది సీసా కావచ్చు, మీ నోరు కావచ్చు. రెండోసారి తాగి రాయండి.

స్కాచ్ అలవాటుతో చూడటం. పొగ వాసన వెతక్కండి, బర్బన్‌లో మామూలుగా ఉండదు. మొదటి రెండుసార్లు మరీ తీపి అనిపిస్తుంది. పోలిక బర్బన్‌తోనే పెట్టండి.

ఐస్ వేసి రుచి చూడటం. చల్లదనం వాసనను అణిచేస్తుంది. ఐస్‌ను ఆరో అంచెకు ఉంచండి.

ఒకే రోజు ఐదారు రకాలు. నాలుగోదానికి నాలుకకు ఏమీ తెలియదు, అయిదోది అన్నిటికన్నా బాగుంటుంది. రోజుకు రెండు రకాలు, మూడు గ్లాసులు.

సీసాను పడుకోబెట్టి దాచడం. వైన్ పద్ధతి ఇక్కడ పనికిరాదు, ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. నిలబెట్టి, ఎండ తగలని చోట పెట్టండి. సీసా మూడో వంతుకు వచ్చాక నెలల తరబడి ఉంచకండి, చిన్న సీసాలోకి మార్చండి లేదా స్నేహితులను పిలవండి.

## 8. తీర్పు కాగితం

నూటికి ఇన్ని మార్కులు అన్న పద్ధతి ఇంట్లో పని చేయదు. 84కూ 86కూ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఇవి రాసుకోండి చాలు:

- 100 మి.లీ. ధర (40% లెక్కన)
- వాసనలో పేరు పెట్టగలిగినవి ఎన్ని?
- మధ్యలో రుచి నిలిచిందా, తేలిపోయిందా?
- మింగాక ఎన్ని సెకన్లు? మిగిలింది తీపా, వగరా?
- నీళ్లకు, సోడాకు నిలబడిందా?
- పేర్లు దాచిన పరీక్షలో మూడింట ఎన్ని? ఏది ఇష్టం?
- ఇది అయిపోతే ఇదే ధరకు మళ్లీ కొంటానా? ఎంత పెరిగితే మానేస్తాను?

ఆఖరి ప్రశ్నకు అంకె రాయండి. 28కి కొన్నదాన్ని 35కి కూడా కొంటానంటే ఆ సీసా మీకు లాభసాటి. 29 అయితేనే మానేస్తానంటే సరిగ్గా దాని విలువకే కొన్నారు. అంకె 28 కన్నా తక్కువైతే ఈ సీసాను సోడాకు వాడేసి వేరేది చూసుకోండి.

## 9. ఇంటికి తీసుకెళ్లేవాళ్లకు

అమెరికాలో తక్కువ ధరది ఇండియాలో తక్కువ ధరది కాదు. బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 2025 ఫిబ్రవరిలో 150% నుంచి 100%కి తగ్గించారు, దానిమీద రాష్ట్రాల పన్నులు ఉండనే ఉన్నాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొనేటప్పుడు మేకర్స్ మార్క్‌ను ఇంకో బర్బన్‌తో కాకుండా అదే ధరకు వచ్చే మన దేశపు సింగిల్ మాల్ట్ విస్కీలు అమృత్, పాల్ జాన్‌లతో పోల్చుకోండి. నా ఓటు ఎక్కువసార్లు వాటికే.

అమెరికా నుంచి తెచ్చేటట్టయితే:

- 24% నుంచి 70% మధ్య ఉన్నవి చెక్-ఇన్ సామానులో మనిషికి 5 లీటర్ల వరకే. సీల్ తీయని షాపు సీసాలే.
- ఇండియాలో సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు. 750 మి.లీ. సీసాలు రెండు పెడితే లెక్కలోనే ఉంటారు, మూడు పెడితే దాటుతారు.
- డ్యూటీ ఫ్రీలో ఉండేవి ఎక్కువగా లీటరు సీసాలు. రెండో అంచెలోని లెక్క వేసి ఊళ్లో షాపు ధరతో పోల్చాకే కొనండి. డ్యూటీ ఫ్రీ అన్న బోర్డు ఉన్నంత మాత్రాన చవక కాదు.
- దారిలో విమానం మారేటట్టయితే డ్యూటీ ఫ్రీ సంచి సీల్ విప్పకండి, రసీదు అందులోనే ఉంచండి.